సద్దులో వాటా

మా బద్వేలు విమానాశ్రయంలో టికెట్టు చూపించినంత మాత్రాన సీటు దొరకదు. ముందు కాటా ఎక్కాలి, అదీ పెట్టెతో సహా. ఎవరెంత తూగుతారో చూసుకుని, ఎవరెక్కడ కూర్చోవాలో నేను చెబుతాను. మాది పంతొమ్మిది సీట్ల చిన్న విమానం. రెండు రెక్కలకు రెండు పంకాలు. ముక్కు బరువైతే లేవడానికి మొరాయిస్తుంది, తోక బరువైతే లేచాక మాట వినదు. అందుకే మా దగ్గర సీటు నంబర్లు లేవు. కొత్త దంపతులు పక్కపక్కన కూర్చోవాలన్నా, వియ్యంకులు దూరదూరంగా కూర్చోవాలన్నా నా చేతుల్లోనే ఉంది.

నా పేరు దస్తగిరి. ఆ విమానాశ్రయానికి మేనేజర్ని, కాటా తూచేవాణ్ణి, రన్‌వే మీదికొచ్చిన బర్రెలను తోలేవాణ్ణి కూడా నేనే. విమానం నడిపేది నా భార్య మాబున్ని. ఇంటిని నడిపేదీ ఆమేనని ఊళ్ళో అంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

"ఓబుళరెడ్డన్నా, నువ్వు మొదటి వరసలోకి పో," అనేవాణ్ణి సిమెంటు అంగడి ఓబుళరెడ్డిని.

"ప్రతిసారీ నన్నే ముందరికి తోస్తావేందబ్బా?"

"నువ్వు యెనక కూచుంటే అందరం ఆకాశం జూస్తా పోవాల్సొస్తాది."

ఆయన నవ్వుతూ తిట్టేవాడు. తిడుతూనే ముందు వరసలో కూర్చునేవాడు. విమానం లేవాలంటే తన బరువు ఎక్కడుండాలో ఆయనకూ తెలుసు.

ఒకప్పుడు ఇలాంటి విమానాలు సీమలో చాలా ఊళ్ళకు వచ్చేవి. ఒక్కొక్కటే ఆగిపోయాయి. ముందు రాయచోటి, తర్వాత ఆదోని, ఆ తర్వాత మదనపల్లె. కంపెనీలకు రెండు వందల మంది పట్టే జెట్లు ముద్దు. పైలట్లకు జెట్ల జీతాలు ముద్దు. పంకాలకు విడిభాగాలు చేసేవాళ్ళు కూడా చేతులెత్తేశారు. వాళ్ళందరినీ వదిలేయండి, నాకు ఒళ్ళు మండేది మనవాళ్ళ మీదే. ట్రాక్టరు మీద పుట్టి పెరిగినవాడు కూడా "ఫ్యాన్లు తిరిగే ఇమానమా, అబ్బ ఏం సద్దు!" అని చెవులు మూసుకుంటాడు. మూతి విరిచి, కారులో మూడు గంటలు పోయి జెట్టు ఎక్కుతాడు. తీరా ఊరికి విమానం ఆగిపోయాక రాత్రంతా బస్సులో నడుము విరగ్గొట్టుకుంటూ ప్రభుత్వాన్ని తిడతాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

మా వంతు కూడా వచ్చింది. మాది మేఘయాన్ అనే కంపెనీ. లోపలి సద్దు జెట్టులో కంటే ఎక్కువుంటే జనం ఎక్కరు, ఏడాదిలో తగ్గించకపోతే బద్వేలు సర్వీసు రద్దు అని వాళ్ళు తేల్చేశారు. పంకా తిరిగితే సద్దు రాకుండా ఎట్లా ఉంటుంది? అది పొమ్మనలేక పొగబెట్టడం.

అప్పుడు దిగాడు నా బామ్మర్ది ఖాసిం.

ఖాసిం బెంగుళూరులో ఒక పరిశోధనశాలలో పదేళ్ళు పనిచేశాడు. చిన్న విమానాలకే రోజులు దగ్గరపడ్డాయి, వాటి మీద పరిశోధన దేనికని అక్కడివాళ్ళు అతని పని ఆపేశారు. ఆ కోపంతో సామాను లారీలో వేసుకుని వచ్చి, మా విమానం షెడ్డు వెనక వేరుశనక్కాయల గోడౌనులో దించాడు. కొన్ని నెలలు అక్కడే తిన్నాడు, అక్కడే పడుకున్నాడు. ఒకరోజు మమ్మల్నిద్దరినీ రమ్మన్నాడు.

పాత పంకా ఒకదాన్ని ఇనుప స్టాండుకు బిగించి ఉంచాడు. దాని రెక్కల మీద పాము కుబుసం లాంటి పలచటి పొర అతికించి ఉంది. మోటారు వేశాడు. గోడౌను రేకులు దడదడలాడాయి. నేను చెవులు మూసుకోబోతుండగా ఏదో మీట తిప్పాడు.

సద్దు పోయింది.

పంకా తిరుగుతూనే ఉంది. దాని గాలికి నా చొక్కా గుండీలు ఊడేలా ఉన్నాయి. కానీ దూలం మీద పిచ్చుకలు అరవడం కూడా నాకు స్పష్టంగా వినబడింది. మాబున్ని తలెత్తి ఆ పిచ్చుకలను చూసింది.

"చంపేసినావురా సద్దును!" అన్నాను.

"సద్దు చావదు బావా. ఒకచోట లేకుండా జేస్తే ఇంకోచోట పోగైతాది. ఆ పొర వణికి, సద్దును మడిచి, నేను చెప్పిన జాగాలో పోస్తాండాది." అంటూ వేలు చూపించాడు. గోడౌను మధ్యలో స్టూలు మీద ఒక కళింగర కాయ, అదే పుచ్చకాయ, పెట్టి ఉంది. కాయకు ఏమీ కాలేదు, పచ్చగా నిగనిగలాడుతోంది. మోటారు ఆపి, దాన్ని కత్తితో రెండు ముక్కలు చేశాడు. లోపల గుజ్జు లేదు. ఎర్రటి నీళ్ళు బడబడా కిందికి కారిపోయాయి.

నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"ఇమానంలో ఇంత ఉండదులే," అన్నాడు ఖాసిం నవ్వుతూ. "శానా భాగం పైకి, ఆకాశంలోకి ఇసిరేస్తాను. పిడికెడు మిగుల్తాది. ఆ పిడికెడును యాడన్నా పెట్టుకోవల్ల."

ఆ పిడికెడే మా కొంప ముంచింది. మొదట దాన్ని తోకలో, సామాన్ల అరలో పెట్టాడు. నెల తిరక్కుండానే తోక రేకు పగుళ్ళిచ్చింది. రేకు సద్దును మింగలేదు, మెత్తటిదే మింగుతుందని తేలింది. నీళ్ళ సంచి పెట్టి చూశాడు. ఆ సంచి ఇద్దరు మనుషుల బరువు ఉంది. రెండు సీట్లు తీసేస్తే ఈ సర్వీసు గిట్టుబాటు కాదని కంపెనీ ఒప్పుకోలేదు. ఖాసిం గడ్డం పెంచుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగాడు. తర్వాత ఒక ఉదయం వచ్చి, దారి దొరికిందన్నాడు. ఎలాగని నేను అడగలేదు. అడిగే ఓపిక ఎవరికుంది? విమానం లోపల గుసగుసలాడినా వినబడేంత నిశ్శబ్దం.

జనం ఎగబడ్డారు. పోరుమామిళ్ళ నుంచి, మైదుకూరు నుంచి, చివరికి జెట్లు ఉన్న ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. నెలకోసారి హైదరాబాదులో కంటికి సూది వేయించుకునే అచ్చమ్మవ్వ విమానంలో హాయిగా నిద్రపోయి, దిగేటప్పుడు నన్ను దీవించింది. కంపెనీ వాళ్ళు పొంగిపోయి చివరి పరీక్షకు తేదీ పెట్టారు. అది నెగ్గితే బద్వేలు సర్వీసు శాశ్వతం. నేను కాటా దగ్గర మీసం మెలేశాను.

ఒక ఆదివారం ఉదయం మాబున్ని వంటింట్లో ఉగ్గాని చేస్తోంది. నేను వెనక నుంచి అడిగాను.

"మేయ్, బజ్జీలకు మిరపకాయలు తేవల్లనా?"

ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్ళీ అడిగాను. లేదు. నా మీద అలిగిందనుకున్నాను. నేనేం తప్పు చేశానా అని వెనక్కి లెక్కపెట్టుకున్నాను, చాలానే తగిలాయి. అంతలో పక్కింటి పాప గజ్జెల చప్పుడు చేసుకుంటూ వీధిలో పోతే, మాబున్ని కిటికీలోంచి తొంగి చూసి ఆ పిల్లను నవ్వుతూ పలకరించింది. వీధిలో గజ్జెలు వినబడినామెకు వీపు వెనకున్న మొగుడి గొంతు వినబడలేదు.

ఇదే మాట బయట చెబితే నవ్వుతారు. పెళ్ళానికి మొగుడి మాట వినబడకపోవడం కొత్త రోగమా అంటారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ముందుకు పోయి ఆమె ఎదుట నిలబడ్డాను. నాది బొంగురు గొంతు. మామూలుగానే మాట్లాడాను. ఆమె నా కళ్ళలోకి చూడటం లేదు, పెదవులు చూస్తోంది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

పొయ్యి ఆపేసి పీట మీద కూర్చుంది.

"దర్గా ఉరుసు అయిపోయినప్పట్నుంచి. ముందర పంకా సద్దు పోయింది. తర్వాత లారీలు. ఇప్పుడు నువ్వు."

"నేనా?"

"లావు గొంతులు వినపడవు. సన్నగొంతులు వినపడతాయి. పిల్లకాయలు, కాకులు, అన్నీ వినపడతాయి. నీ మాట మటుకు పెదాలు జూసి పోల్చుకుంటాండా."

ఆ పిడికెడు సద్దు ఎక్కడ పోసుకున్నారో అప్పుడు అర్థమైంది. మెత్తటిదే మింగుతుంది కదా. ఎడమ వైపు ముందు సీటు. కెప్టెన్ సీటు. చెవులకు ఏం కట్టుకున్నా లాభం లేదట. అది చెవుల్లోంచి కాదు, వీపులోంచి, ఎముకల్లోంచి ఎక్కుతుందట.

"ఆ ఖాసింగాణ్ణి నేను..." అని లేచాను.

"వాడొద్దన్యాడు. నేనే పెట్టమన్యా. నా సీటు, నా వీపు, నా ఇష్టం."

"కో-పైలట్టు జాషువా ఉండాడు గదా?"

"వాడు చిన్నపిల్లోడు. వాని మీద ఏస్తారా ఎవరన్నా? నేను మోస్తే ఊరికి ఇమానం నిలబడ్తాది. అమ్మ కాన్పుకు పోతా దారిలో బస్సులోనే సచ్చిపోయింది. నీకు తెల్దా? ఈ ఊర్నుంచి పొద్దున పోయి సాయంత్రానికి వచ్చే దారి ఉండల్ల. అది నా పంతం."

డాక్టరుకు దాచావా అని అడిగాను. దాచలేదంది. రేడియోలో గొంతులను సన్నం చేసి వినిపించే చెవియంత్రం పెట్టుకుని ఎగరవచ్చని పరీక్షించిన డాక్టరే రాసిచ్చాడట. జబ్బు ఎలా వచ్చిందని ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు. నేను ఉగ్గాని ముట్టుకోలేదు. ఆమె మాత్రం తినింది, నా ఎదురుగానే, మొండిగా.

మర్నాడు ఖాసిం కాటా దగ్గరికి వస్తే పట్టుకున్నాను. ప్రయాణికులు ఇంకా రాలేదు.

"ఏమిరా, మూటలన్నీ ఒక్క మనిషి నెత్తినేసేవాడు ఈ కాటా దగ్గర పనికొస్తాడా? నేను పెద్ద మూట ముందరేసి, చిన్న మూట యెనకేసి, మనిషికింతని పంచుతాండా గదా. నీకు పంచేది రాదా?"

ఖాసిం తల వంచుకున్నాడు.

"వస్తాది బావా. మొదట్నుంచీ వస్తాది. పంతొమ్మిది మంది, ఇద్దరు పైలట్లు. అందరికీ పంచితే ఒక్కొక్కరికీ చిటికెడు. ఒళ్ళు రొవంత జిల్లుమంటాది, ఎవరికీ ఏమీ కాదు. నా మీద నేనే వేసుకుని జూసినా."

"మరి పంచి చావకూడదా?"

"పంచితే అందరికీ రొవంత సద్దు వినపడ్తాది. కంపెనీ మీటరు ఒప్పుకోదు. పరీక్ష పోతాది, సర్వీసు పోతాది. అదే మాట అక్కకు జెప్పినా. అయితే నాకు పెట్టు అనింది."

వాడి కళ్ళ కింద నల్లగా ఉంది. అక్క చెవులు తింటూ బతుకుతున్నవాడికి నా తిట్లు ఒక లెక్కా!

పరీక్షకు ముందు వారం రోజులూ నేను ఇంట్లో ఆడపిల్లలా సన్నగా, కీచుగా మాట్లాడటం నేర్చుకున్నాను. వీధిలో నవ్వుకున్నారు. నవ్వనీ. నా పెళ్ళానికి నా మాట వినబడాలంటే నేను కోకిలలా కూయడానికైనా సిద్ధమే.

పరీక్ష రోజు హైదరాబాదు నుంచి కంపెనీ డైరెక్టరు నళినీకాంత్ వచ్చాడు. తెల్లటి చొక్కా, చల్లటి నవ్వు. గొంతు మాత్రం బావిలోంచి మాట్లాడినట్టు లోతుగా ఉంటుంది. చేతిలో సద్దును కొలిచే మీటరు. బద్వేలు నుంచి హైదరాబాదు పోయి మళ్ళీ బద్వేలు రావడం, ఎప్పుడూ ఎక్కే ఊరివాళ్ళే ప్రయాణికులు. హైదరాబాదులో దిగగానే సంతకం పెడతానన్నాడు.

అందర్నీ తూచి ఎక్కించాను. నళినీకాంత్ రన్‌వే పక్కన ఖాసిం భుజం తట్టాడు.

"మీ రిపోర్టు చదివాను. మిగిలిన శబ్దాన్ని కెప్టెన్ సీట్లో పెట్టడం చాలా తెలివైన పని. మా మిగతా చిన్న విమానాలన్నిటిలోనూ ఇదే పెడుతున్నాం."

"అట్ల పెట్టకూడదు సార్. ఇది మా అక్క ఒప్పుకునింది కాబట్టి..." అన్నాడు ఖాసిం.

"మిగతావాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. చెబితే అనవసరంగా భయపడతారు. చిన్న విమానంలో ఏ పైలట్ మాత్రం ఎక్కువ కాలం ఉంటాడు? రెండేళ్ళలో జెట్లకు పోతారు. ఈ జాషువా ఉన్నాడు కదా, వచ్చే నెల అతన్ని ఆదిలాబాద్ సర్వీసుకు కెప్టెన్‌ని చేస్తున్నాం. మొదటి సెట్టు అతని విమానానికే."

కోపం అంటే ఏమిటో నాకు తెలుసుననుకునేవాణ్ణి. తెలియదని అప్పుడు తెలిసింది. మాబున్ని రెక్క కింద నిలబడి టైర్లు చూస్తోంది. నేరుగా ఆమె దగ్గరికి పోయి, నా కీచు గొంతుతో మొత్తం చెప్పాను, ఒక్క మాట మింగకుండా. ఆమె వింటూ విమానం ముక్కు వైపు చూసింది. కిటికీలోంచి జాషువా మాకు చెయ్యి ఊపాడు. ఇరవై ఆరేళ్ళవాడు, ఆ నెలలోనే నిశ్చితార్థం.

"నా వీపు నా ఇష్టం అన్యా," అంది మాబున్ని. "వాని వీపు ఎవరి ఇష్టమంట?"

తిన్నగా విమానం ఎక్కి, ప్రయాణికుల మధ్య దారిలో నిలబడింది. నేను మెట్ల మీద నిలబడ్డాను. అప్పటికే నళినీకాంత్, ఖాసిం కూడా తమ సీట్లలో కూర్చుని ఉన్నారు.

"అవ్వా, అన్నా, అందరూ వినండి. ఇన్ని రోజులూ మీరు సద్దు లేకుండా వచ్చినారు. అది యాడికీ పోలేదు, నా ఒంట్లోకి వచ్చింది. నా చెవులు సగం పోయినాయి. ఇప్పుడు దాన్ని అందరికీ పంచుదామనుకుంటాండా. ఒళ్ళు రొవంత వణుకుతాది, చెవిలో గుయ్యిమంటాది, అంతే. ఎవరికీ దెబ్బ తగల్దు. కానీ పంచితే మీటరు ఒప్పుకోదు, ఈ సర్వీసు పోవచ్చు. మీరు ఏం జెయ్యమంటే అది జేస్తా."

అచ్చమ్మవ్వ ముక్కు మీద వేలేసుకుంది.

"నేను నిద్రపోయినంతసేపూ నీ చెవులు పోతాన్యాయా తల్లీ! చెప్పనేల్యా? నా వాటా నాకు పెట్టు. కండ్లెట్లా పాడయినాయి, ఒళ్ళు గట్టిగానే ఉండాది."

"బరువులో పెద్ద వాటా నాదే," అన్నాడు ఓబుళరెడ్డి. "సద్దులో గూడా ఎక్కువే ఎయ్యి. తట్టుకుంటా."

వెనక నుంచి బ్యాండు మేళం ఏసన్న లేచాడు. పెళ్ళిళ్ళలో ముప్పై ఏళ్ళుగా డప్పుల మధ్య బతికినవాడు. "సద్దంటే భయపడేవాడు పెళ్ళికే రాకూడదు. మేళం అందరం కొడితేనే మేళం, ఒకన్నే కొట్టుకోమంటే అది సచ్చినింటి డప్పు. పంచమ్మా!"

ఒక్క కుర్రవాడు మాత్రం తాను డబ్బిచ్చింది నిశ్శబ్దానికని సణుగుతూ పెట్టె తీసుకుని దిగిపోయాడు. దిగనీ. వాడి బరువు పోతే లెక్క తప్పుతుంది. వాడూ నేనూ ఇంచుమించు ఒకే తూకం. నేను ఎక్కి వాడి సీట్లో కూర్చున్నాను.

నళినీకాంత్ మొహం ఎర్రబడింది. ఈ నాటకాలు పరీక్ష నియమాల్లో లేవన్నాడు. మాబున్ని తమ్ముడి వైపు చూసింది.

"ఖాసిం, పంచు."

సద్దును ఎటు పోయాలో చెప్పే మీట ఉన్న చిన్న పెట్టె ఖాసిం ఒడిలో ఉంది. అతని వేళ్ళు కదల్లేదు. ప్రపంచంలో ఎవరూ చేయలేని పని చేసి, పంకా విమానానికి నిశ్శబ్దం తెచ్చినవాడు. ఆ మీట తిప్పితే అతని పేరు మీద మిగిలేది ఒక ఓడిపోయిన పరీక్ష. నేను అతన్నే చూస్తున్నాను. అతను మాత్రం అక్క చెవుల వైపు చూశాడు. తర్వాత మీట తిప్పేశాడు.

పంకాలు అందుకున్నాయి. పిండిమర గోడకు వీపు ఆనించినట్టు ఒళ్ళంతా సన్నగా వణుకు. చెవుల్లో గుయ్యిమనే మోత. బాధేమీ లేదు. ఇది ఇరవై ఒకటో వంతు. మిగిలిన వంతులన్నీ కలిపి ఒక్కతే ఇన్నాళ్ళూ మోసుకుని, ఇంటికొచ్చి నాకు అన్నం పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. పక్కనున్న ఏసన్న చూసీ చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు.

నల్లమల దాటేటప్పటికి జనం గట్టిగా అరుచుకుంటూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పాత రోజుల్లో ఇలాగే మాట్లాడుకునేవాళ్ళు. ఓబుళరెడ్డి ఎవరికో సిమెంటు ధర అరిచి చెబుతున్నాడు. అచ్చమ్మవ్వ ఈసారి నిద్రపోలేదు, దారి పొడుగునా నళినీకాంత్‌కు తన కంటి కథ అరిచి వినిపించింది. ఆయన మీటరు వైపే చూస్తూ కూర్చున్నాడు.

హైదరాబాదులో దిగాం. పంకాలు ఆగాయి. నళినీకాంత్ లేచి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"పరీక్ష పోయింది. మీ అందరికీ బస్సు ఏర్పాటు చేస్తాను. విమానం ఇక్కడే ఉంటుంది. వచ్చే వారం దీన్ని విడగొట్టి అమ్మేస్తాం. దయచేసి దిగండి."

ఒక్కరూ లేవలేదు. ఓబుళరెడ్డి బెల్టు ఇంకొంచెం బిగించుకున్నాడు.

"సద్దు ఎక్కువైందని మాలో ఎవరన్నా అన్యామా సార్?" అన్నాడు ఏసన్న.

"మీటరు అంది."

"అయితే మీటరునే బస్సులో పంపించండి."

నళినీకాంత్ గొంతు తగ్గించి ఖాసిం వైపు వంగాడు. నేను పక్కనే ఉన్నాను, అంతా వినబడింది. "ఇంకా మించిపోలేదు. తిరుగు ప్రయాణంలో పాత పద్ధతి పెట్టండి. కెప్టెన్ ఒక్క గంట ఓర్చుకుంటే నేను సంతకం పెడతాను. ఊరికి విమానం ఉంటుంది. ఆలోచించుకోండి."

నిజం చెబుతున్నాను, నా మనసు కూడా ఒక్క క్షణం ఊగింది. ఒక్క గంటే కదా అనిపించింది. ఖాసిం పెట్టెను తీసి నళినీకాంత్ చేతిలో పెట్టాడు.

"మీట మీరే తిప్పండి సార్. మీరు కూచున్న సీటుకు తిప్పండి. ఒక్క గంటే గదా."

ఆయన ఆ పెట్టెను వేడి గిన్నెను పట్టుకున్నట్టు ఖాళీగా ఉన్న తన సీటు మీద పెట్టేశాడు. తర్వాత విసురుగా ముందుకు పోయి పైలట్ల తెర లాగాడు. మాబున్ని లేచి వచ్చింది. జాషువా ఆమె వెనక నిలబడ్డాడు. ఆమె చెవియంత్రం లోపల కొక్కానికి వేలాడుతోంది. దాన్ని తెచ్చుకోవడానికి ఒక్క అడుగు చాలు. ఆమె వేయలేదు.

"కెప్టెన్, తిరుగు ప్రయాణం రద్దు," అన్నాడు నళినీకాంత్, ఆ బావిలోంచి వచ్చే గొంతుతో. "ప్రయాణికులను దించి, తాళాలు నాకు అప్పగించండి. ఇది నా ఆర్డరు."

మాబున్ని ప్రశాంతంగా ఆయన్ను చూసింది.

"సార్, లావు గొంతులు నాకు వినపడవు. ఈ సీట్లోనే పోయినాయి. రొవంత సన్నగా చెప్తారా?"

ఆయనకు అర్థం కాలేదు. మళ్ళీ అదే గొంతుతో, ఇంకా గట్టిగా చెప్పాడు. గట్టిగా చెప్పేకొద్దీ ఆయన గొంతు ఇంకా లావైంది. జీవితంలో ఎవరి ముందూ గొంతు సన్నం చేసుకోవాల్సిన అవసరం ఆయనకు వచ్చినట్టు లేదు. మాబున్ని తల అడ్డంగా ఊపి, నా వైపు తిరిగింది.

"ఏమంటాండాడయ్యా సారు?"

రేపు నోటీసులు వస్తాయని నాకు తెలుసు. ఆమె లైసెన్సు, నా ఉద్యోగం, జాషువా పెళ్ళి, అన్నీ వీధిలో పడొచ్చు. ఆమెకు పెదవులు చదవడం వచ్చనీ, నా పెదవులే కాదు ఎవరివైనా చదవగలదనీ కూడా తెలుసు. నేను లేచి నిలబడి, నా సన్నటి గొంతు సవరించుకున్నాను.

"పొద్దుగూకే లోపల అందర్నీ జాగ్రత్తగా బద్వేలు చేర్చమంటాండాడు," అన్నాను.

"నేను అలా అనలేదు!" అని నళినీకాంత్ గర్జించాడు.

"అట్లనే అన్యాడు తల్లీ," అంది అచ్చమ్మవ్వ. "నా చెవులతో నేను విన్యా."

"నేనూ విన్యా," అన్నాడు ఓబుళరెడ్డి.

"నేనూ విన్యా." అది ఏసన్న. ఆ వెనక వరస, దాని వెనక వరస, ఒక్కొక్కరే అదే మాట అన్నారు. అందరి తర్వాత చివరి సీట్లోంచి ఖాసిం అన్నాడు, "నేనూ విన్యా అక్కా."

ఆమె వెనక నుంచి జాషువా కూడా, తనకు సంబంధం లేనట్టు పైకప్పు వైపు చూస్తూ, "విన్నాను మేడం," అన్నాడు.

మాబున్ని డైరెక్టరు గారికి మర్యాదగా తల వంచింది.

"మంచిది సార్. కూచోని బెల్టు కట్టుకోండి," అంది.